నేర్చుకున్నారు, పనిలో నిలవలేదు: లోపం ఎక్కడుందో వెతకడం ఎలా

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి, రాయగడ వైపు దివ్యాంగులకు కుట్టు, మొబైల్ రిపేరు, కంప్యూటర్ నేర్పే చిన్న కేంద్రాలవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫలితం రాకపోతే మనం మొదట టీచర్నే మారుస్తాం. నేను చూసినంతలో లోపం తరగతిలో ఉండేది తక్కువే. ఎక్కువసార్లు తరగతికి ముందో, తర్వాతో దొరుకుతుంది.

సమస్య: పేరు రాయించుకుని నెలలు గడిచినా తరగతిలో చేరలేదు

కారణం కాగితాలు. మన దగ్గర ఇది మరీ ఎక్కువ. అమ్మాయి పుట్టిల్లు ఆంధ్రా వైపు పాతపట్నం, అత్తవారిల్లు పర్లాకిమిడి. చేతిలో ఆంధ్రాలో ఇచ్చిన సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ఇచ్చే ధ్రువపత్రం) ఉంటుంది. ‘ఇది ఇక్కడ చెల్లదు, కొత్తది తెచ్చుకో’ అని తిప్పి పంపేస్తారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 58 ప్రకారం ఆ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. పింఛను సంగతి వేరు. అది ఏ రాష్ట్రం ఇస్తే ఆ రాష్ట్రంలో నివాసం చూపించాలి. ఈ రెండూ కలిపేస్తేనే నెలలు పోతాయి. శిక్షణ మొదలుపెట్టేయండి, పింఛను కాగితాలు పక్కన నడుస్తాయి.

ఇంకో చిక్కు పేరులో ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా బడిలో వెనక రాస్తారు. ఆధార్‌లో ఒకలా, బడి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. చేరిన రోజే కాగితాలన్నీ బల్లమీద పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం సరిచూడండి. పావుగంట పని.

సమస్య: రెండో వారంలో మానేశారు

అడిగితే ‘ఒంట్లో బాగోలేదండీ’ అంటారు. అసలు సంగతి ఆటో డబ్బులు, తోడుగా వచ్చే అమ్మకో అన్నకో పోయే ఆ రోజు కూలి. వారానికి ఆరు రోజులు రెండేసి గంటలు పెట్టే బదులు, మూడు రోజులు నాలుగేసి గంటలు పెట్టండి. నేర్పే గంటలు అంతే, దారిఖర్చు సగమవుతుంది. కాశీనగర్ నుంచి వచ్చేవాళ్లుంటే రైలు టైం చూసి తరగతి పెట్టాలి, తరగతి చూసి రైలు రాదు కదా. మరుగుదొడ్డిలోకి చక్రాల కుర్చీ వెళ్తుందో లేదో కూడా చూడండి. ఆ కారణం ఆడపిల్లలు నోరు విప్పి చెప్పరు.

సమస్య: ‘ఎంత చెప్పినా ఎక్కడం లేదు’

ఎక్కనిది పాఠమా, భాషా? మాటలో ఒడియా వచ్చినా, ఆంధ్రా బడిలో చదివినవాళ్లకు ఒడియా లిపి రాదు. నోట్సు తెలుగులో ఒక పేజీ రాసిస్తే చాలు. బడికి వెళ్లని బధిరులకు ఇంటి సైగలే వచ్చు, భారతీయ సంకేత భాష రాదు. మొదటి వారం వాళ్లకు పనిముట్లు చూపించి, సైగలు కుదుర్చుకోవడానికే వదిలేయండి.

పోలియోతో కాళ్లు బలహీనమైనవాళ్లను తొక్కుడు కుట్టుమిషన్ దగ్గర కూర్చోబెట్టి ‘స్పీడు లేదు’ అనడం నాకు మాత్రం కోపం తెప్పిస్తుంది. మోటారు బిగించండి. దాని పెడల్‌ను కాలికింద కాక, మోచేత్తో నొక్కేలా బల్లమీద పెట్టొచ్చు.

సమస్య: పనిలో చేరినా నెలకే తిరిగొచ్చేశారు

చేరిన రోజుతో మన లెక్క అయిపోతుంది, ఫోటో దిగుతాం. ఎక్కడో బట్టల ఫ్యాక్టరీకి పంపితే హాస్టల్ మెట్లు ఎక్కలేక వచ్చేస్తారు. ముందు ఊళ్లో వెతకండి. పర్లాకిమిడి జిరాక్స్ షాపుకి రెండు రాష్ట్రాల జనం వస్తారు. తెలుగు, ఒడియా రెండూ టైపు చేసేవాళ్లు అక్కడ కావాలి. కంప్యూటర్ తరగతిలో రెండు కీబోర్డులూ నేర్పండి. చేరాక వారానికి, నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు ఫోన్ చేయండి. ఆరో నెల ఫోన్‌లో ‘షాపులోనే ఉన్నానండీ’ అన్నవాళ్లనే లెక్కలో వేసుకోండి.

ఇంకా తిరిగొచ్చేస్తుంటే ఇంట్లోవాళ్లను అడగండి. ‘జీతం వస్తే పింఛను ఆపేస్తారేమో’ అని వాళ్లే మాన్పించి ఉండొచ్చు. ఊహించి ధైర్యం చెప్పకండి. వాళ్లను వెంటబెట్టుకుని బ్లాక్ ఆఫీసుకి వెళ్లి, వాళ్ల ఎదుటే అడగండి.