గ్రూప్ చెదురుతోందా? ముందు పెల్లెట్ చూడండి

వైజాగ్‌లో ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నవాళ్లకి ఒక మాట. గ్రూప్, అంటే టార్గెట్ మీద పడ్డ దెబ్బల గుంపు, చెదరగానే సైట్ (గురి చూసే భాగం) తిప్పేయకండి. 4.5 మి.మీ. పెల్లెట్, అంటే రైఫిల్లో వేసే గుండు, మెత్తటి సీసం, డబ్బా కింద పడితే చాలు స్కర్ట్ (బోలుగా ఉండే వెనక భాగం) అంచు సొట్టపోతుంది, ఇక అది గాలిని సమంగా పట్టుకోలేదు. వెలుతుర్లో అంచు గుండ్రంగా ఉందో లేదో చూడండి, సొట్టపడింది పక్కన పడేయండి. బ్రేక్ బ్యారెల్ (గొట్టాన్ని కిందికి వంచి లోడ్ చేసే రైఫిల్) అయితే పెల్లెట్ తల ముందుకు పెట్టి, స్కర్ట్ అంచు బ్యారెల్‌తో సమంగా వచ్చేదాకా బొటనవేలితో తిన్నగా నెట్టాలి. ఒరిగిందా, బలవంతం చేయొద్దు, ఇంకోటి తీసుకోండి. లోడ్ చేసేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్ గట్టిగా పట్టుకోండి, దాని మూతి టార్గెట్ వైపే ఉండాలి. మన సముద్రపు తేమకి సీసం మీద తెల్లటి పొడి పడుతుంది కాబట్టి డబ్బా మూత బిగించండి. టిఫిన్‌కి ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం ఒంట్లోకి పోకూడదు.