బిడ్డ పోయిన ఇంటికి విచారణకు వెళ్లేటప్పుడు

మా హైదరాబాద్ బస్తీల్లో కొత్తగా చేరిన ఆశాలకు, ఏఎన్ఎంలకు ఒక మాట. ఆ ఇంట్లోకి వెళ్లగానే ఫారం బయటికి తీయకండి. ముందు తల్లి పక్కన కూర్చోండి. పసిగుడ్డు పోయిన తల్లికి పాలు గడ్డకట్టి నొప్పిగా ఉంటుంది, జ్వరం కూడా రావచ్చు. ముందు ఆమెను చూసుకోవాలి.

అయిదేళ్లలోపు పిల్లల మరణాలను సమీక్షించాలని 2014లో జాతీయ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఆశా సమాచారం ఇస్తుంది, ఏఎన్ఎం ఇంటికి వెళ్లి ప్రాథమిక విచారణ చేస్తుంది, కొన్ని మరణాలపై డాక్టర్ బృందం వివరంగా మాట్లాడుతుంది. పద్ధతి ఇంతే. కష్టమంతా అడగడంలోనే ఉంది.

"ఎందుకు ఆలస్యం చేశారు?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వినగానే తల్లి తలదించుకుంటుంది, అత్తగారు జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. "పాప చివరిసారి పాలు బాగా తాగిందెప్పుడమ్మా?" అని మొదలుపెట్టి, గంట గంటకూ ఏం జరిగిందో ఆమెనే చెప్పనివ్వండి. ప్రమాదం గుర్తించడానికి ఎంతసేపు పట్టింది, ఆసుపత్రికి చేరడానికి ఎంత, చేరాక వైద్యం అందడానికి ఎంత అన్నవి ఆ మాటల్లోనే బయటపడతాయి. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. నర్సింగ్ హోం నుంచి నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి పంపితే చీటీ రాసిచ్చారా, 108లో వెళ్లారా, ఆటోలోనా? ఇవన్నీ రాయండి. తప్పంతా ఇంటివాళ్లదే అని రాసి ముగించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

జబ్బు కాని మరణాలను కూడా వదలొద్దు. మన నగరంలో సంపులు, అంటే నేలలో కట్టిన నీళ్ల తొట్లు, పిల్లల ప్రాణాలు తీస్తున్నాయి, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబాల పిల్లలవి. మూత ఉందా, దానికి తాళం ఉందా, నీళ్లు తోడాక ఎవరు మూస్తారు? మీరే వెళ్లి చూడండి.

న్యుమోనియాతో పోయిన బిడ్డ అయితే, అంగన్‌వాడీలో తల్లులను కూర్చోబెట్టి ఊపిరి లెక్కపెట్టడం నేర్పండి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40, లెక్క అంత ఉన్నా, అంతకు మించినా వెంటనే ఆసుపత్రికి. డొక్కలు లోపలికి పోతున్నా అంతే. చనిపోయిన బిడ్డ ప్రస్తావనే ఆ మీటింగులో తేవద్దు. పేరు చెప్పకపోయినా గల్లీలో అందరికీ తెలిసిపోతుంది.

నెల తర్వాత అదే గల్లీకి మళ్లీ వెళ్లండి. మూత లేని సంపు ఇంకా కనిపిస్తే ఓనర్ నంబరు తీసుకుని, ఆ రోజే మెడికల్ ఆఫీసర్‌కు ఇవ్వండి.