బీఎస్-6 లారీ పికప్ పోయి లైట్లన్నీ వెలుగుతున్నాయా? సెన్సర్ కొనేముందు ఎర్త్ చూడండి

సమస్య

ఖాళీ బండి బాగానే పోతుంది. లోడ్ ఎక్కాక, అదీ రాత్రిపూట లైట్లు, వైపర్లు వేసుకుని వస్తుంటే చెక్ లైట్ వెలుగుతుంది. కాసేపటికి యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేయడానికి పోసే యూరియా ద్రవం) లైటు, ఏబీఎస్ లైటు దానికి తోడవుతాయి. అక్కణ్నుంచి యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగదు. పక్కన ఆపి, కీ ఆఫ్ చేసి, పది నిమిషాలాగి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలైపోతుంది. బస్సుల్లోనూ ఇదే కథ.

పాత బళ్లలో పికప్ పోయిందంటే డీజిల్ ఫిల్టరు, పంపు, నాజిళ్లు చూసేవాళ్లం. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), యాడ్‌బ్లూ యూనిట్, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్లు, ఏబీఎస్, మీటర్ బోర్డు అన్నీ క్యాన్ లైన్ అనే రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. పొగను శుభ్రం చేసే భాగాల్లో ఏదైనా సరిగా లేదని ఈసీఎం అనుకుంటే, కావాలనే పవర్ తగ్గిస్తుంది. కాబట్టి బండి లాగడం లేదంటే ఇంజిన్ పాడైందని కాదు. ఈసీఎంకి ఎక్కడో అనుమానం వచ్చిందని అర్థం.

స్కానర్ పెట్టేముందు

బ్యాటరీ చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది మాత్రం ఎవరూ చేయడం లేదు. బండి రాగానే ఈసీఎం రాసుకున్న లోపాల కోడ్‌లు చదివే స్కానర్ తగిలించి, కోడ్‌లో ఏ సెన్సర్ పేరుంటే ఆ సెన్సర్ ఆర్డర్ పెట్టేస్తున్నారు. రెండు నిమిషాల పని ఇది. బండి ఆపి కొన్ని గంటలయ్యాక రెండు బ్యాటరీల మీద కలిపి 25 వోల్టులకు తగ్గకూడదు. ఇంజిన్ నడుస్తుంటే 27.5 నుంచి 28.5 దాకా ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 19 కంటే కిందికి పోతే ముందు బ్యాటరీల సంగతి తేల్చండి. రెండు బ్యాటరీలను విడివిడిగా కూడా కొలవండి. జీపీఎస్ పెట్టెకో మ్యూజిక్ సిస్టమ్‌కో ఒక బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగి ఉంటే రెండింటికీ తేడా వస్తుంది, ఆ జత ఎక్కువ కాలం నిలవదు.

తర్వాత యాడ్‌బ్లూ. అందులో ఉండాల్సింది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. ఎరువు బస్తా యూరియాను డ్రమ్ములో కలిపి పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. మన దేశంలో 2015 నుంచి ఎరువు యూరియాకంతా వేపనూనె పూత ఉంటోంది. ఆ నూనె, దానిలోని మలినాలు నాజిల్‌ని మూసేస్తాయి, పొగను శుభ్రం చేసే క్యాటలిస్ట్‌ని తినేస్తాయి. అది పోసిన బండికి ట్యాంకు కడిగి మంచి యాడ్‌బ్లూ నింపేదాకా మిగతా పరీక్షలు దండగ.

అసలు దొంగ: ఎర్త్

పై రెండూ బాగుండి, ఒకదానికొకటి సంబంధం లేని కోడ్‌లు నాలుగైదు కలిసి వస్తుంటే, చెరిపేసినా రెండు రోజుల్లో తిరిగొస్తుంటే, నేను మొదట అనుమానించేది ఎర్త్‌నే, అంటే బ్యాటరీ మైనస్‌ని ఛాసిస్‌కీ ఇంజిన్‌కీ కలిపే దారినే. ఈ మాట నష్టపోయాక నేర్చుకున్నాను. ఇసుక తోలే ఒక టిప్పర్‌కి వెనక నాక్స్ సెన్సర్ కోడ్ వస్తుంటే సెన్సర్ మార్చమని నేనే చెప్పాను. ఓనరు వేలు పోసి కొన్నాడు. వారం తిరక్కుండా అదే కోడ్, దానితోపాటు యాడ్‌బ్లూ పంపు కోడ్. పంపు కూడా మార్చాం. మళ్లీ వచ్చింది. ఈసీఎం పోయిందని ఇంకొకరు తేల్చేశారు. చివరికి దొరికిందేమిటంటే, బాడీ కట్టినప్పుడు ఛాసిస్‌కి కొట్టిన పెయింటు ఎర్త్ స్ట్రాప్ (ఎర్త్ తీగల పట్టీ) చివర బోల్టు పట్టే లగ్గు కిందికి చేరింది. బోల్టు బిగుతుగానే ఉంది, కానీ లగ్గుకీ ఇనుముకీ మధ్య పెయింటు పొర. వానలకు దాని చుట్టూ తుప్పు. ఆ ఓనరు పెట్టిన ఖర్చు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కోడ్ సెన్సర్ పేరు ఎందుకు చెప్పిందో తెలుసుకోండి. నాక్స్ సెన్సర్‌కి లోపల హీటర్ ఉంటుంది, సొంత చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఎర్త్ బలహీనంగా ఉండి వోల్టేజీ పడిపోతే ఆ చిన్న కంప్యూటర్ క్షణం పాటు ఆగి మళ్లీ లేస్తుంది. ఆ క్షణంలో లైన్ మీద దాని మాట వినబడదు. ఎవరు మాట్లాడలేదో ఈసీఎంకి తెలుసు, ఎందుకు మాట్లాడలేదో తెలియదు. అందుకని సెన్సర్ పేరు రాసుకుంటుంది.

అందుకే కోడ్‌లో ఎస్‌పీఎన్ ఒక్కటే చూసి వదిలేయకండి, పక్కనున్న ఎఫ్‌ఎంఐ అంకె చూడండి. ఎస్‌పీఎన్ ఏ భాగమో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ ఆ భాగానికి ఏమైందో చెబుతుంది. 9 ఉంటే సమాచారం సమయానికి రాలేదని, 19 ఉంటే లైన్ మీద తప్పు సమాచారం వచ్చిందని, 4 ఉంటే వోల్టేజీ తక్కువని. వేర్వేరు భాగాల మీద 9లు వరసగా కనిపిస్తే అన్ని భాగాలూ ఒక్కసారి పాడవవు కదా. ఎస్‌పీఎన్ 168 కూడా ఉంటే బండి తనకు కరెంటు సరిగా అందడం లేదని నేరుగా చెబుతున్నట్టే. మీ స్కానర్ కోడ్‌లను అక్షరాలతో చూపిస్తే, యూతో మొదలయ్యేవి లైన్‌కి సంబంధించినవి.

ఇక్కడే చాలామంది ఎలక్ట్రీషియన్లు మోసపోతారు. మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఎర్త్ పాయింట్‌కీ బ్యాటరీ మైనస్‌కీ తగిలిస్తే బీప్ అంటుంది. ఎర్త్ బాగుందనుకుని వదిలేస్తారు. నూరు పోగుల స్ట్రాప్‌లో ఐదు పోగులు మిగిలినా మీటర్ బీప్ అనే అంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 300 ఆంపియర్లు పోతున్నాయనుకోండి. దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా 3 వోల్టులు అక్కడే పోతాయి. అంత చిన్న అడ్డును మామూలు మీటర్ ఓమ్స్‌లో చూపించలేదు, దాని వైర్లకే అంతకంటే ఎక్కువ ఉంటుంది.

కాబట్టి లోడ్ మీద వోల్టేజీ కొలవాలి. మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టండి. ఒక వైరు బ్యాటరీ మైనస్ పోల్ మీద, అంటే క్లాంప్ మీద కాదు, నేరుగా సీసం మీద పెట్టండి. రెండోది ఇంజిన్ బ్లాక్‌పై శుభ్రమైన ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.5 వోల్టు దాటితే ఇంజిన్ ఎర్త్ చెడిపోయినట్టే. తర్వాత ఇంజిన్ నడుపుతూ హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్ అన్నీ వేసి, క్యాబిన్ ఎర్త్ దగ్గర, యాడ్‌బ్లూ యూనిట్ ఎర్త్ దగ్గర, నాక్స్ సెన్సర్ ఎర్త్ పిన్ దగ్గర కొలవండి. 0.1 వోల్టు ఉంటే పర్వాలేదు, 0.2 దాటితే ఆ పాయింట్ విప్పాల్సిందే.

విప్పేముందు మెయిన్ స్విచ్ ఆఫ్ చేయండి. లగ్గుకి రెండు వైపులా, ఛాసిస్ మీద ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్దండి. స్ట్రాప్‌ని వంచి చూడండి. లోపల పచ్చగా మారినా పోగులు తెగినా మార్చేయండి, అతుకు వేయొద్దు. బోల్టు బిగించాక పైన గ్రీజు పూయండి. ముందే పూస్తే అది కూడా అడ్డే. క్యాబిన్ ఎత్తేచోట ఉన్న స్ట్రాప్‌ని మర్చిపోవద్దు, క్యాబిన్ ఎత్తి దించినప్పుడల్లా నలిగేది అదే.

ఎర్త్ బాగున్నా లైన్ కోడ్‌లు పోకపోతే

మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, 16 పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. లైన్ రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 దగ్గర రావాలి. 120 వస్తే ఎక్కడో తీగ తెగింది లేదా ఒక రెసిస్టర్ పోయింది. సున్నా వస్తే రెండు తీగలూ కలిసిపోయాయి. 40 వస్తే బయట నుంచి ఎవరో పెట్టె తగిలించారు. జీపీఎస్, డీజిల్ మీటరు వంటివి కంపెనీ వైరింగ్‌ని కోసి కలిపారేమో ఆ దారిన వెతకండి.

మిగతావి

ఎలుకలు వైరింగ్ కొరకడం కంటికి కనబడుతుంది, అతికించండి. ఈసీఎం పోవడం, సాఫ్ట్‌వేర్ తప్పు చాలా అరుదు. బ్యాటరీ విప్పకుండా ఛాసిస్‌కి వెల్డింగ్ కొట్టిన బండి అయితేనే ఈసీఎంని అనుమానించండి. యాడ్‌బ్లూ లేకుండా నడిపే ఎమ్యులేటర్ డబ్బా పెట్టి ఉంటే తీసేయండి. అది ఉన్నంతవరకు ఏ కోడ్ నిజమో తెలియదు, పైగా చట్టప్రకారం నేరం.

పని అయ్యాక కోడ్‌లను ముందు ఫొటో తీసుకుని, అప్పుడు చెరపండి. చెరిపిన వెంటనే పవర్ రాకపోతే కంగారు పడొద్దు. కొన్ని బళ్లలో ఈసీఎం తనే పరీక్ష చేసుకుని, అంతా బాగుందని తేల్చుకున్నాకే వదులుతుంది. లోడ్ మీద, రాత్రిపూట, లైట్లన్నీ వేసి ఓ గంట తిప్పండి. తిరిగొచ్చాక అదే ఎర్త్ పాయింట్‌ని మళ్లీ కొలిచి, ఆ అంకెను తేదీతో సహా బండి పుస్తకంలో రాసిపెట్టండి.