పెద్ద క్యామ్ వేశాక పికప్ బండి లోడు లాగడం లేదా? సమస్య - పరిష్కారం

ఇంజన్ బోరు చేయించి, హెడ్డు పోర్టింగ్ (గాలి దారులు వెడల్పు చేయడం) చేయించి, పైన పెద్ద క్యామ్ కూడా వేయించుకున్నాక "అన్నా, ముందున్న లాగుడు కూడా పోయింది" అనే మాట నెల్లూరు ఆటోనగర్‌లోనూ వినిపిస్తుంది, ఒంగోలులోనూ వినిపిస్తుంది. నూటికి తొంభై పాళ్లు తప్పు బిగించినవాడిది కాదు, క్యామ్ ఎంపికది. క్యామ్ అంటే వాల్వ్‌లని తెరిచే కమ్మీ, దాని మీది గుడ్డు ఆకారపు ఉబ్బుల్నే లోబ్‌లు అంటాం. బండి రోజంతా ఏ ఆర్పీఎంలో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) పనిచేస్తుందో చూసి క్యామ్ ఎంచుకోవాలి. మనవాళ్లేమో వీడియోలో శబ్దం విని ఎంచుకుంటున్నారు.

ఇదంతా పెట్రోల్ ఇంజన్ల గురించి. జిప్సీని వెనక తొట్టి కట్టించి పికప్ చేసుకున్నవాళ్లకి, చిన్న పెట్రోల్ పికప్పుల వాళ్లకి, అమెరికాలో షెవర్లే 350 ఇంజన్ ఉన్న పాత పికప్ కొనుక్కుని ఫోన్ చేసి అడిగే మన పిల్లలకి. బొలేరో పికప్ లాంటి డీజిల్ బండి ఉన్నవాళ్లు క్యామ్ జోలికి పోవద్దు. డీజిల్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు వాల్వ్‌కీ దానికీ మధ్య ఖాళీ చాలా తక్కువ, లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) కాస్త పెంచినా తగులుకుంటుంది.

కింది ఆర్పీఎంలో లాగుడు లేదు, పై ఆర్పీఎంలో మాత్రం పరిగెడుతుంది

రొయ్యల మేత బస్తాలు వేసుకుని ముత్తుకూరు వైపు చెరువు గట్టు ఎక్కాలంటే ఫస్ట్ గేరులో హాఫ్ క్లచ్ మీద ఇంజన్‌ని అరిపిస్తే గానీ కదలదు, క్లచ్ ప్లేట్ కాలిన వాసన క్యాబిన్‌లోకి వస్తుంది. అదే బండి ఖాళీగా కావలి హైవే ఎక్కి 4000 ఆర్పీఎం దాటితే దూసుకుపోతుంది.

కారణం డ్యూరేషన్, అంటే వాల్వ్ తెరిచి ఉండే సేపు, ఎక్కువవడం. దీన్ని క్రాంక్ తిరిగే డిగ్రీల్లో లెక్కేస్తారు. పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి లేస్తున్నా ఇన్‌టేక్ వాల్వ్ ఇంకా మూసుకోదు. స్పీడు మీద ఉన్నప్పుడు గాలి తన ఊపుతో తోసుకొస్తూనే ఉంటుంది కాబట్టి అది లాభమే. 1500 దగ్గర ఆ ఊపు ఉండదు, పీల్చిన మిశ్రమంలో కొంత తిరిగి మ్యానిఫోల్డ్‌లోకే పోతుంది. కంప్రెషన్ గేజ్ పెట్టి చూడండి. అన్ని సిలిండర్లూ సమానంగా, పాత రీడింగ్ కన్నా తగ్గి ఉంటే అది క్యామ్ పని. ఒక్క సిలిండరే తగ్గితే వాల్వో రింగులో చూసుకోవాలి, క్యామ్‌ని అనొద్దు.

సాలిడ్ ట్యాపెట్ (ఖాళీని మనమే సరిచేసే రకం) ఉన్న ఇంజన్ అయితే ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఫీలర్ గేజ్‌తో ట్యాపెట్ ఖాళీని ఉండాల్సిన దానికన్నా 0.05 మి.మీ. మాత్రం పెంచి ఒకసారి నడపండి. ఖాళీ పెరిగితే వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుని ముందే మూసుకుంటుంది, అంటే డ్యూరేషన్ కాస్త తగ్గినట్టే. అలా చేశాక కింద లాగుడు మెరుగైతే మీ క్యామ్ ఆ ఇంజన్‌కి పెద్దదైందని అర్థం. చూసుకున్నాక మళ్లీ అసలు కొలతకి పెట్టేయాలి. ఆయిల్ ఒత్తిడితో ఖాళీని తానే సరిచేసుకునే హైడ్రాలిక్ ట్యాపెట్‌కి ఈ పరీక్ష పనికిరాదు.

పరిష్కారం రెండు రకాలు. వెర్నియర్ పుల్లీ (క్యామ్‌ని కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ జరపగలిగే పుల్లీ) ఉంటే క్యామ్‌ని క్రాంక్ లెక్కలో 4 డిగ్రీలు ముందుకు తిప్పితే ఇన్‌టేక్ తొందరగా మూసుకుని కింద కొంచెం బలం వస్తుంది. తేడా కొంచెమే ఉంటుంది, చమత్కారాలు ఆశించొద్దు. అసలు మందు చిన్న క్యామ్ వేయడమే. షెవర్లే 350 పికప్‌తో పని చేయించుకోవాలంటే 0.050 అంగుళం (1.27 మి.మీ.) లిఫ్ట్ దగ్గర కొలిచిన డ్యూరేషన్ 200 నుంచి 215 డిగ్రీల మధ్య ఉంటే హాయి, 230 దాటితే అది రేసు వైపు వెళ్లిపోయినట్టే. ఈ అంకెల్ని తెచ్చి మన చిన్న ఇంజన్‌కి అలాగే పెట్టకూడదు. 350లో ఒక్కో సిలిండర్ 700 సీసీకి పైన, జిప్సీ 1298 సీసీ ఇంజన్‌లో ఒక్కోటి 325 సీసీ లోపే. అదే డ్యూరేషన్ చిన్న సిలిండర్‌లో ఇంకా పై ఆర్పీఎంకి జరిగిపోతుంది.

ఇంకో చోట మోసపోతారు. క్యామ్‌తో వచ్చే కార్డు మీద డ్యూరేషన్ రెండు రకాలుగా ఉంటుంది. 'అడ్వర్టైజ్డ్' అని రాసింది 0.050 దగ్గర కొలిచిన దానికన్నా సుమారు 50 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. ఒక క్యామ్‌ది అదీ, ఇంకో క్యామ్‌ది ఇదీ చూసి పోల్చితే లెక్క మొత్తం తారుమారే.

స్లో స్పీడ్‌లో ఊగుతుంది, బ్రేక్ పెడల్ రాయిలా ఉంటుంది

ఆ గడగడ శబ్దం బాగుందని చాలామంది దీన్ని సమస్యగానే తీసుకోరు. దయచేసి తీసుకోండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకేసారి తెరుచుకుని ఉండే ఓవర్‌ల్యాప్ పెరిగితే మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ (గాలి పీల్చే బలం) పడిపోతుంది, పెట్రోల్ బండిలో పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్ బతికేది ఆ వ్యాక్యూమ్ మీదే. మామూలు ఇంజన్ స్లో స్పీడ్‌లో వ్యాక్యూమ్ గేజ్ మీద 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్క) చూపిస్తుంది. 15 కన్నా కిందికి పోతే లోడు బండిని హైవే మీదికి తీసుకెళ్లొద్దు, దోర్నాల ఘాట్ సంగతి చెప్పనక్కర్లేదు.

క్యామ్‌ని అనే ముందు మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, వ్యాక్యూమ్ పైపులు లీకవుతున్నాయేమో చూడండి. ట్యాపెట్లు బిగుతుగా ఉన్నా ఇదే లక్షణం. అవన్నీ బాగుంటే లోబ్ సెపరేషన్ యాంగిల్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్య కోణం) చూడాలి. 106, 108 డిగ్రీల లాంటివి ఓవర్‌ల్యాప్ పెంచుతాయి, పని బండికి 112 నుంచి 114 మంచిది. క్యామ్ మార్చేదాకా బ్రేక్‌కి విడిగా ఎలక్ట్రిక్ వ్యాక్యూమ్ పంపు పెట్టించుకోండి. ఇంజెక్షన్ బండి అయితే మ్యానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్ ఆ తక్కువ వ్యాక్యూమ్‌ని చూసి ఇంజన్ మీద లోడు ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోయిస్తుంది. ప్లగ్గులు మసిబారుతుంటే అదే. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ట్యూన్ చేయించక తప్పదు.

పై ఆర్పీఎంలో తడబడి పవర్ ఆగిపోతుంది

పాత స్ప్రింగుల మీద కొత్త క్యామ్ వేశారు. వాల్వ్ లోబ్ వెంట రాలేక తేలిపోతోంది. క్యామ్‌కి సరిపడే స్ప్రింగులు వేసి, పూర్తి లిఫ్ట్‌లో స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనకుండా కనీసం 1.5 మి.మీ. ఖాళీ ఉందో లేదో చూడండి. అవసరానికి మించి గట్టి స్ప్రింగు వేస్తే లోబ్‌ని తినేస్తుంది.

కొన్ని వందల కిలోమీటర్లకే టకటక శబ్దం

లోబ్ అరిగిపోయింది. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌ని మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు స్లోలో వదిలేయకూడదు, 2000 నుంచి 2500 ఆర్పీఎం మధ్య 20 - 30 నిమిషాలు నడపాలి, జింక్ ఎక్కువున్న ఆయిల్ వాడాలి, కొత్త క్యామ్‌కి పాత ట్యాపెట్లు వేయకూడదు. మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంటుంది, పాత క్యామ్‌నే గ్రైండింగ్ చేయించడం. అలా చేస్తే పైనున్న గట్టి పొర కొంత పోతుంది, బేస్ సర్కిల్ (లోబ్‌కి ఉబ్బు లేని గుండ్రటి భాగం) చిన్నదై రాకర్ ఆనే చోటు పక్కకి జరుగుతుంది. రాకర్ కొన మీద మార్కర్ ఇంకు పూసి చేత్తో తిప్పి చూస్తే ఎక్కడ రాసుకుంటోందో తెలిసిపోతుంది. రాపిడి గుర్తు రాకర్ అంచుకి జరిగితే ఆ క్యామ్ వద్దు. అరిగిన ఇనప రజను ఆయిల్‌లో కలిసి ఉంటుంది, ఆయిల్ చాంబర్ దించి కడగాల్సిందే.

బిగించిన మొదటిరోజే ఏ పవర్ లేదు

టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పింది. క్యామ్ పుల్లీకి 40 పళ్లుంటే ఒక్క పన్నుకి క్రాంక్ లెక్కలో 18 డిగ్రీల తేడా. మార్కులు నమ్మి ఊరుకోకుండా డిగ్రీ వీల్ (క్రాంక్ కోణం చూపే చక్రం), డయల్ గేజ్ (వాల్వ్ లిఫ్ట్ కొలిచేది) పెట్టి కార్డుతో సరిచూడండి. స్టార్ట్ చేసే ముందు పిస్టన్ మీద మెత్తటి బంకమట్టి పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో క్రాంక్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పి విప్పండి. మట్టి మీద వాల్వ్ అచ్చు పడుతుంది. అచ్చు పల్చగా ఉన్నచోట ఇన్‌టేక్‌కి 2 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 2.5 మి.మీ. కన్నా తగ్గకూడదు.

కొత్త క్యామ్‌కి ఆర్డరు చెప్పే ముందు మామూలు లోడుతో ఒక రోజు తిరిగి ఏ గేరులో ఎంత ఆర్పీఎంలో ఎక్కువసేపు ఉంటోందో రాసుకోండి. దాంతోపాటు కంప్రెషన్, గేరు రేషియో, టైరు సైజు, బండి బరువు రాసి ఇవ్వండి. రెండు క్యామ్‌ల మధ్య ఊగిసలాడుతుంటే చిన్నది తీసుకోండి. పాత క్యామ్ బాగుంటే దానికి నూనె పూసి, దాని ట్యాపెట్లకి నంబర్లు వేసి దాచండి. అవి ఏ లోబ్ మీద అరిగాయో మళ్లీ ఆ లోబ్ మీదికే వెళ్లాలి.