సారె నుంచి ఆవం దాకా – ఐదవ పాఠం: ఆరబెట్టే పని

నాలుగవ పాఠం ముగిసేసరికి మీరు సారె (కుమ్మరి చక్రం) మీద ఒక చిన్న ముంతను లేపి, దానిని తీగతో కోసి, పక్కలు నొక్కుకుపోకుండా రెండు అరచేతులతో ఎత్తి పలక మీద పెట్టి ఉంటారు. చాలామంది పని అయిపోయిందనుకుని అక్కడే చేతులు కడుక్కుంటారు. నేను చూసినంతలో కొత్తవారి కుండలు సారె మీద చెడేవి తక్కువ. ఆ తరువాతి నాలుగైదు రోజుల్లో, ఎవరూ ముట్టుకోకుండానే, పలక మీద కూర్చున్న చోటనే పగిలేవి ఎక్కువ. అందుకే ఈ పాఠమంతా ఆరబెట్టడానికే కేటాయిస్తున్నాను.

మట్టి ఎందుకు పగులుతుందో ముందు తెలియాలి. బంకమట్టిలోని రేణువులు కంటికి ఆననంత చిన్నవి, పలుచని రేకుల వంటివి. తడి మట్టిలో ఒక్కొక్క రేకు చుట్టూ నీటి పొర ఉంటుంది. సారె తిరుగుతున్నప్పుడు మట్టి మన వేళ్ల మధ్య జారుతూ పైకి లేచేది ఆ పొర వల్లనే. ఆరే కొద్దీ ఆ నీరు పోయి రేకులు దగ్గరికి జరుగుతాయి, కుండ కుంచించుకుపోతుంది. రేకులు ఒకదానినొకటి ఆనుకున్న తరువాత మిగిలిన నీరు సందుల్లోంచి పోతుంది గానీ కుండ ఇక చెప్పుకోదగినంత కుంచించుకోదు. మట్టి ముదురు రంగు విడిచి తేలికపడడం మొదలయ్యేది ఇంచుమించు ఆ వేళకే. బీటలు పడే ప్రమాదమంతా ఆ లోపలే ఉందన్నమాట. పలుచని అంచు ముందే ఆరి బిగుసుకుంటూ, మందమైన అడుగు ఇంకా తడిగా ఉంటే, ఆ రెండింటి మధ్య లాగుడు పుట్టి, ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ కుండ నోరు తెరుస్తుంది.

హైదరాబాద్ గాలి ఈ విషయంలో ఏడాదికి రెండు విధాలుగా పరీక్ష పెడుతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే మే నెల మధ్యాహ్నాల్లో పొడిగాలి అంచును గంటలోనే గట్టిపరుస్తుంది. అటువంటి ఒక మే నెలలో మల్కాజిగిరిలోని మా గదిలో పన్నెండు ముంతలు చేసి, త్వరగా ఆరితే మంచిదే కదా అని టేబుల్ ఫ్యాన్ పెట్టి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి వాటిలో తొమ్మిది ముంతలకు ఫ్యాన్ వైపు ఉన్న అంచున, చిటికెన వేలు పొడవున, నిలువు బీటలు పడి ఉన్నాయి. అవతలి వైపు తడి అలాగే ఉంది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అంటారు. నా గుదియకు మూడు రెక్కలు ఉన్నాయి.

కాబట్టి వేసవిలో కుండ చేసిన వెంటనే గాలి తగలని మూలన పెట్టి, పైన పలుచని నూలు గుడ్డ, దాని మీద పాలిథిన్ కవరు కప్పండి. గుడ్డ లేకుండా కవరు ఒక్కటే కప్పితే, లోపల చెమ్మ బొట్లుగా చేరి అంచు మీద పడి గుంటలు చేస్తుంది. అంచు వేలికి అంటకుండా గట్టిపడగానే కుండను బోర్లించండి. అప్పటివరకు పలకకు అతుక్కుని గాలి ఎరుగని అడుగు ఇప్పుడు పైకి వస్తుంది, అంచు కింద దాగి నెమ్మదిస్తుంది. బోనాల నాటి ముసురులో తిప్పలు వేరు. వారం గడిచినా కుండ చల్లగానే ఉంటుంది, కవరు కింద మట్టి బూజు వాసన కూడా వేస్తుంది. బూజు వల్ల నష్టమేమీ లేదు గానీ, కవరు తీసేసి, కింద గాలి ఆడేటట్లు కర్రపుల్లల వరుస మీద పెట్టి, రోజుకొకసారి తిప్పుతూ ఉండాలి.

సగం ఆరిన దశను గుర్తుపట్టడమే ఈ పాఠంలో అసలు నేర్పు. గోరు నొక్కితే గీత పడాలి, కానీ కుండ ఎత్తితే ఆకారం చెదరకూడదు. చెక్కుడు పనిముట్టు ఆనించినప్పుడు, పచ్చి మామిడికాయ చెక్కు తీస్తే తొక్క చుట్టలు తిరుగుతూ వచ్చినట్లు మట్టి ఊడిరావాలి. పనిముట్టుకు అంటుకుంటే ఇంకా ఆగాలి. పొడిగా రాలితే ఆలస్యం అయిపోయింది. అడుగు మందం తగ్గించడం, కుండ నిలిచే అడుగు పీట చెక్కడం, పిడి అతికించడం అన్నీ ఈ దశలోనే జరగాలి. మన మంచినీళ్ల కుండకు ఆ గుండ్రని అడుగు వచ్చేది కూడా ఇప్పుడే: సారె మీద మందంగా లేపిన కుండను సగం ఆరనిచ్చి, లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ, అంటుకోకుండా మధ్యమధ్య బూడిద చల్లుతూ గోడను పలుచన చేస్తారు. ఆ తట్టుడు శబ్దాన్ని బట్టే మట్టి ఎంత ఆరిందో పెద్దవాళ్లు చెప్పగలరు. మనకు ఇంకా గోరే దిక్కు.

పిడి విషయంలో ఒక్క నియమం మరవకండి: పిడి, కుండ ఒకే తడిలో ఉండాలి. ఆరిన కుండకు తడి పిడి అతికిస్తే, పిడి తరువాత కుంచించుకుని అతుకు దగ్గర విడిపోతుంది. రెండు ముఖాలనూ పాత ఫోర్కుతో అడ్డదిడ్డంగా గీసి, అదే మట్టిని గంజిలా కలిపి పూసి, గట్టిగా అదిమి, ఆ ఒక్క రాత్రికి మళ్లీ కవరు కప్పండి. తడి రెండు వైపులా సమానమవుతుంది.

మట్టి కలపడానికి బోరు నీళ్లు వాడేవారికి ఒక మాట. నీటిలోని లవణాలు ఆరేటప్పుడు నీటితో పాటు పైకి వచ్చి, నీరు పోయాక అంచుల మీద తెల్లటి పొడిలా మిగులుతాయి. కాల్చిన తరువాత కూడా ఆ మచ్చ ఎర్రమట్టి మీద కనిపిస్తుంది. నేను కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లే పట్టి పెట్టుకుంటాను.

రంగు పూర్తిగా తేలిన తరువాత ధైర్యంగా ఎండలో పెట్టవచ్చు. ఆరిందో లేదో చేతితో తెలియదు, కుండ అడుగును చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరు ఉన్నట్లే. ఆ కుండను ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, పెడితే, 100 డిగ్రీల దగ్గర ఆ నీరు ఆవిరై, బయటపడే దారి చాలక గోడను చీల్చుకుని వస్తుంది, పక్కనున్న వాటిని కూడా పగలగొడుతుంది.

ఈ వారం చేయవలసిన పని ఇది. మీ మట్టితో 14 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు, ఒక సెంటీమీటరు మందం గల పట్టీ చేసి, తడిగా ఉండగానే మధ్యలో మేకుతో సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. పూర్తిగా ఆరాక గీతను కొలవండి, 9.4 ఉంటే మీ మట్టి 6 శాతం కుంచించుకున్నట్లు. కాల్చాక ఇంకొంత తగ్గుతుంది. మొత్తం 10 శాతం తగ్గే మట్టితో 20 సెంటీమీటర్ల కూజా కావాలంటే 22 సెంటీమీటర్లకు చేస్తే చాలదు, 20ని 0.9తో భాగించి 22.2కు లేపాలి. పట్టీ వెనుక తేదీ, మట్టి ఎక్కడిదో గీసి దాచండి. ఆరవ పాఠంలో ఆవం పేర్చినప్పుడు దానిని కూడా కుండల మధ్య పెట్టి కాలుద్దాం.