తుప్పు పట్టిన పాత అంబాసిడర్‌ను బాగు చేయించాలా, అమ్మాలా, విడిభాగాలుగా విప్పాలా?

పెరట్లోనో పాత షెడ్డులోనో ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయిన అంబాసిడర్‌ను ఏం చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు, చాలామంది ముందుగా మెకానిక్‌ను పిలిచి ఇంజిన్ తిరుగుతుందేమో చూడమంటారు. ఇది చివర వేయవలసిన ప్రశ్న. 1958 నుంచి 2014 వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపరాలో తయారైన ఈ కారులో ఎక్కువ కాలం వాడిన 1489 సి.సి. ఇంజిన్ చాలా సాదాసీదా యంత్రం. దాన్ని విప్పి బిగించడం తెలిసిన పాత మెకానిక్‌లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వెతికితే దాని సామాను కూడా దొరుకుతుంది. కారు భవిష్యత్తును తేల్చేవి వేరే రెండు విషయాలు: తుప్పు ఏ భాగాన్ని తిన్నది, కాగితాలు చెల్లుబాటులో ఉన్నాయా లేదా. ఈ రెండూ తేలకముందే ధర మాట్లాడినా, రంగు వేయించినా డబ్బు వృథా అవుతుంది.

లారీకి ఉన్నట్టుగా అంబాసిడర్‌కు బరువు మోసే విడి చట్రం, అంటే ఛాసిస్, ఉండదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా పోయే బోలు పెట్టె భాగాలు, ముందు వెనుక చక్రాలను పట్టుకునే అడ్డ కమ్మీలు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన బాడీయే బరువు మొత్తం మోస్తుంది. ప్రీమియర్ పద్మిని కూడా ఇటువంటిదే. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మాత్రం దీనికి భిన్నంగా విడి ఛాసిస్ మీద బోల్టులతో బిగించిన కారు, కనుక దాని మడ్‌గార్డు పూర్తిగా పోయినా అసలు ఎముక నిలిచే ఉండవచ్చు. అంబాసిడర్‌లో బానెట్, డిక్కీ మూత, తలుపులు, ముందు మడ్‌గార్డుల మీద కనిపించే తుప్పు ఎంత వికారంగా ఉన్నా భయపడవలసింది కాదు. వాటిని మార్చవచ్చు, లేదా టింకరింగ్ (రేకును కొట్టి, అతికి సరిచేయడం) చేయించవచ్చు. కనిపించని చోట పట్టిన తుప్పే లెక్కను తలకిందులు చేస్తుంది.

పరీక్షకు మందమైన స్క్రూడ్రైవరు, చిన్న అయస్కాంతం, టార్చిలైటు ఉంటే చాలు. ముందు లోపలి మ్యాట్లు, వాటి కింది గుడ్డలు, నార పూర్తిగా తీసివేసి నేల రేకును బయటపెట్టాలి. వాన నీరు అక్కడే చేరి ఏళ్లపాటు ఆరకుండా ఉంటుంది. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచినప్పుడు రేకు ఖంగున మోగితే బాగున్నట్టు, మెత్తగా దిగబడితే లోపల ఇనుము మిగలనట్టు. అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి తలుపుల కింది అంచుల మీద, చక్రాల చుట్టూ ఉండే వంపుల మీద జరిపితే, అది అంటుకోని చోట రేకుకు బదులు లప్పం ఉందని తెలుస్తుంది. తరువాత కారు కిందికి వెళ్లి మూడు చోట్లు తప్పనిసరిగా చూడాలి. మొదటిది వెనుక కమాను కట్టల కొసలు బాడీకి బిగిసే చోటు. రెండవది ముందు సస్పెన్షన్‌కు చెందిన టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) వెనుక వైపున ఆనుకునే అడ్డ కమ్మీ. మూడవది తలుపుల కింది పెట్టె భాగాల అడుగు అంచు. ఈ మూడింటిలో రెండు చిల్లులు పడి ఉంటే, ఆ కారు ఇక బాడీని పూర్తిగా తిరిగి కట్టవలసిన స్థితికి వచ్చిందని భావించాలి.

నేల రేకు, పెట్టె భాగాలు కొంత గట్టిగానే ఉన్నాయని తేలితే ఇంకొక పరీక్ష కూడా చేయవచ్చు. తలుపులు సులువుగా పడుతున్నాయో చూసుకుని, తలుపుల కింది భాగానికి మధ్యలో మందపాటి చెక్క పెట్టి జాకీతో నెమ్మదిగా ఎత్తాలి. కారు లేస్తున్న కొద్దీ తలుపు సందు బిగుసుకుపోయి మూయడం కష్టమైతే, బాడీ నడుము బలం కోల్పోయిందని అర్థం. జాకీ మాత్రమే ఆధారంగా ఉన్న కారు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరకూడదు. తుప్పు తిన్న రేకును చీల్చుకుని జాకీ లోపలికి పోవడం అరుదేమీ కాదు.

కారు ఏ ఊళ్లో ఉండిందన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ప్రాంతాల గాలిలోని ఉప్పు రేకు అతుకుల మధ్యకు చేరి, తేమను పీల్చి పట్టుకుని, పైన రంగు బాగున్నట్టే కనిపిస్తున్నా లోపల పని సాగిస్తూనే ఉంటుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, రెండు రేకులు కలిసే అతుకులు ఉబ్బి విచ్చుకుంటాయి. అలా ఉబ్బిన అతుకును పైపైన రుద్ది రంగు వేస్తే మళ్లీ కొన్ని వానాకాలాల్లోనే బయటపడుతుంది. అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో పొడి వాతావరణంలో నిలిచిన కారు, దుమ్ము కొట్టుకుపోయి దీనంగా కనిపించినా, అడుగు భాగం చూస్తే తరచుగా ఆశ్చర్యపరుస్తుంది.

ఇక కాగితాలు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరువాత 5 ఏళ్లకొకసారి తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి. దీనికి రుసుము 2022 ఏప్రిల్‌లో బాగా పెరిగింది, 20 ఏళ్లు దాటిన వాహనాలకు 2025లో మళ్లీ పెరిగింది, కనుక ఆ రోజు అమల్లో ఉన్న మొత్తాన్ని రవాణా శాఖ కార్యాలయంలోనే తెలుసుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రం (ఆర్.సి.) తండ్రి లేదా తాత పేరు మీద ఉంటే ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవడం మొదటి పని. ఆర్.సి. పోయి ఉంటే నకలు కోసం ఫారం 26 ఇవ్వాలి. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టరైన కారుకు సంబంధించిన కార్యాలయం ఇప్పుడు పక్క రాష్ట్రంలో ఉంటే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం కూడా కావాలి. పాత రిజిస్టర్లలోని వివరాలు కంప్యూటరుకు ఎక్కి ఉండకపోవచ్చు. కనుక తుప్పు పరీక్ష జరిగిన వారంలోనే ఈ విచారణ కూడా మొదలుపెట్టడం మంచిది. కాగితాలు లేని కారును బాగు చేయించడమంటే రోడ్డెక్కలేని బొమ్మ మీద లక్షలు పోయడమే.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కార్లకు 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. అంబాసిడర్ తొలి రకాలు మార్క్ 1, మార్క్ 2. మార్క్ 2 తయారీ 1975లో ఆగిపోయింది కనుక మార్క్ 1, మార్క్ 2 కార్లు ఈ వయసు దాటినవో, దాటబోతున్నవో అయి ఉంటాయి. కొత్తగా రిజిస్టరు చేయించడానికి 20,000 రూపాయలు, తిరిగి రిజిస్టరు చేయించడానికి 5,000 రూపాయలు కట్టాలి. అనుమతి 10 ఏళ్లు ఉంటుంది. రోజువారీ ప్రయాణాలకు గానీ వ్యాపారానికి గానీ వాడకూడదు. ఇప్పటికే నంబరు ఉన్న కారు దాన్నే ఉంచుకోవచ్చు, కనుక ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల పాత నంబరు పోగొట్టుకోకుండా కాపాడుకోవడం లాభం. అయితే ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో చెప్పుకోదగ్గ మార్పులు జరిగి ఉండకూడదన్న షరతు ఉంది. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజిన్ పెట్టించిన కార్లు మనవైపు తక్కువేమీ కావు. అటువంటి కారు యజమాని ఈ దారిని నమ్ముకోకపోవడమే మంచిది.

ఇప్పుడు ఇంజిన్ సంగతి, క్లుప్తంగా. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, చేత్తో తిప్పి చూస్తే చాలు. పాత పెట్రోలు ట్యాంకులో ఉండగా బ్యాటరీ పెట్టి స్టార్టు చేయబోవడం అనవసరమైన తొందర.

ఈ పరిశీలనలన్నీ పూర్తయ్యాక నిర్ణయం చాలావరకు తనంతట తానే తేలుతుంది. అడుగు భాగం గట్టిగా ఉండి, కాగితాలు సరిగా ఉండి, కారు మార్క్ 1 లేదా 2 అయితే బాగు చేయించడానికి అర్హమైనదే. మార్క్ 4, నోవా, ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన తరువాతి కార్లు ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. వాటిని బాగు చేయించిన ఖర్చు, ఆపైన వచ్చే అమ్మకపు ధరతో తిరిగి రావడం కష్టం. ఆ ఖర్చు పెట్టేవారు కుటుంబ జ్ఞాపకం కోసం పెడుతున్నామని ముందే ఒప్పుకుంటే తరువాత తగాదాలుండవు. అంచనా వేయించేటప్పుడు రంగు మీద చూసి చెప్పిన మొత్తాన్ని నమ్మకూడదు. రంగు, లప్పం గీకి ఇనుము బయటపడ్డాకే టింకరింగ్ మేస్త్రీ చెప్పే లెక్కకు విలువ ఉంటుంది. ఆ మొత్తానికి మరో సగం అదనంగా చేతిలో ఉంచుకోవాలి. రేకు పని, యంత్రం, వైరింగ్, రంగు, సీట్లు అన్న దశలవారీగా ఒప్పందం చేసుకుని, ఒక దశ పూర్తయ్యాకే తరువాతి దశకు డబ్బు ఇవ్వాలి.

కాగితాలు సరిగా ఉండి, ఖర్చు మాత్రం మీ శక్తికి మించితే, ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమే మేలు. అమ్మకానికి ముందు రంగు వేయించకూడదు. తెలిసిన కొనుగోలుదారు కొత్త రంగును చూసి అనుమానిస్తాడు, చిల్లుల ఫోటోలు చూసి మాత్రం ధర నిర్ణయించుకోగలుగుతాడు. యాజమాన్య బదిలీకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలతో సరిపెట్టుకోకుండా, బదిలీ రికార్డులకు ఎక్కే వరకు వెంటపడాలి. రికార్డులో యజమానిగా ఉన్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో స్పష్టం చేసింది.

ఇప్పటికిప్పుడు ఏదీ తేలకపోతే కొంతకాలం ఆగవచ్చు, కానీ ఆగే పద్ధతి ఒకటుంది. కారును నేల మీద నుంచి ఎత్తి దిమ్మల మీద నిలిపి, పైన గాలి ఆడే కప్పు ఉండేట్టు చూడాలి. ప్లాస్టిక్ పట్టా చుట్టితే లోపలి తేమ బయటికి పోక తుప్పు మరింత పెరుగుతుంది.

బాడీ నడుము పోయి, కాగితాలు కూడా దక్కే ఆశ లేనప్పుడు విడిభాగాలుగా విప్పడమే మిగిలిన దారి. దానివల్ల మరొకరి కారు బతుకుతుంది కనుక ఇందులో చిన్నతనమేమీ లేదు. గ్రిల్, బంపర్లు, లైట్ల చుట్టూ ఉండే క్రోమ్ రింగులు, డ్యాష్‌బోర్డు మీటర్లు, అద్దాలు, తలుపు పిడులు ముందుగా విప్పి, వాటి స్క్రూలతో సహా ఒక్కొక్క సంచిలో పేరు రాసి పెట్టాలి. మార్క్ 1, 2 కార్ల సామానుకు గిరాకీ ఎక్కువ. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, స్టీరింగ్ తరువాత తీయవచ్చు. మిగిలిన ఖాళీ బాడీకి తుక్కు ధర తప్ప రాదు. అయితే ఒక్క బోల్టు కూడా విప్పకముందే, ప్రభుత్వ గుర్తింపు పొందిన వాహన తుక్కు కేంద్రాన్ని సంప్రదించి కారును ఏ స్థితిలో తీసుకుంటారో అడగాలి. అక్కడ ఇచ్చే డిపాజిట్ పత్రం చూపితే కొత్త ప్రైవేటు వాహనం మీద పన్నులో 25 శాతం వరకు రాయితీకి కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి, ఎంత ఇస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కారు శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోయినప్పుడు మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి ఆర్.సి. అప్పగించాలి. ఛాసిస్ నంబరు పలకను, ఆర్.సి.ని కలిపి మంచి ధరకు అడిగేవారు తప్పక వస్తారు. ఆ నంబరు దొంగిలించిన మరో కారు మీదికి ఎక్కవచ్చు కాబట్టి వాటిని ఎవరికీ అమ్మకూడదు.