మధ్యాహ్నానికి పులవని పెరుగన్నం డబ్బా

బడిలో డబ్బా తెరిచేసరికి పెరుగన్నం పులుస్తోందంటే పొద్దున పెరుగు ఎక్కువైనట్టే. ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఒక కప్పు అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చగా అయ్యాక ముప్పావు కప్పు కాచి చల్లార్చిన పాలు, రెండు చెంచాల తియ్యటి పెరుగు కలపండి. జారుగానే ఉండాలి, భోజనం బెల్లు కొట్టేసరికి గట్టిపడుతుంది. పొగలు కక్కే అన్నంలో కలిపితే పెరుగు విరిగి నీళ్లు తేలతాయి.

ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు తాలింపు చల్లారాకే వేయాలి. పచ్చిమిర్చి ముక్క పంటికి తగిలిందా, డబ్బా అలాగే తిరిగొస్తుంది. అల్లం తురుము చాలు. క్యారెట్ తురుము, దానిమ్మ గింజలు బాగుంటాయి. కీరా వద్దు, నీరూరుతుంది.

ఉడికించిన గుడ్డు వేరే డబ్బాలో పెట్టండి. బిగుతు స్టీలు మూత ఒకటో తరగతి పిల్లల వేళ్లకు రాదు, ఇంట్లోనే తీయించి చూడండి.